పొగమంచులో పెళ్ళిపడవ

డిసెంబర్ 23, మంగళవారం

ఈ రోజు గురించి రాయను.

డిసెంబర్ 24

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నిన్న విజయదినం. పోర్ట్ సయీద్ అంతా జెండాలే. సాంస్కృతిక భవనంలో మా ఆడపిల్లల స్కూలుకీ మగపిల్లల స్కూలుకీ కలిపి కార్యక్రమం పెట్టారు. పాట నాది. పక్కన కుర్చీలో సిమ్సిమియ్యా తీగలు మీటినవాడు మగపిల్లల స్కూలువాడు. మొదటి చరణం బాగా వచ్చింది. రెండో చరణంలో పైకి వెళ్ళే స్వరం దగ్గర నా గొంతు తెగింది. మామూలుగా తెగలేదు. మేకపిల్ల కాలు తొక్కితే ఎలా అరుస్తుందో అలా. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో మైకు పక్కనే వాడు నవ్వాడు. తీగలు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి మరీ నవ్వాడు.

ఎవరో వీడియో తీశారు. ఇప్పుడది క్లాసులో అందరి ఫోన్లలో ఉంది. అందులో నా గొంతుకంటే వాడి పళ్ళే స్పష్టంగా ఉన్నాయి.

వాడి పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. పళ్ళవాడు, అంతే.

జనవరి 9

నాన్న భోజనం దగ్గర చెప్పేశారు. "రగ్దా, ఇది స్కూలు చివరి ఏడాది. పరీక్షలయ్యేదాకా పాట మాటెత్తకు."

నేను బాధపడ్డట్టు తలొంచుకున్నాను. అమ్మ జాలిపడి బస్బూసా మిఠాయి ఇంకో ముక్క వేసింది. అది కూడా బాధగానే తిన్నాను.

జనవరి 15

సంగీతం టీచర్ అబీర్ మిస్ మెట్ల మీద పట్టుకున్నారు. వసంతోత్సవానికి పాడాలట. "నాన్న వద్దన్నారు మిస్" అన్నాను. ఎంత హాయైన మాట. ముందే తెలిసుంటే చిన్నప్పట్నించీ వాడుకునేదాన్ని.

నాకేం భయం లేదు. నాన్న వద్దన్నారు, అందుకని.

జనవరి 22

చేపల బజారు దగ్గర పళ్ళవాడు కనిపించాడు. నేను చూడలేదు. నీలం స్వెట్టర్, కుడి మోచేతి దగ్గర చిరుగు. జుట్టు కత్తిరించుకున్నాడు, దాంతో చెవులు బయటపడ్డాయి. నా వైపు రాబోయి ఆగాడు. నేను బఠాణీల బండి వెనక్కి వెళ్ళి అస్సలు చూడలేదు.

ఫిబ్రవరి 1

వీడియో మళ్ళీ చూశాను. చెప్పులు ఏ రంగువి వేసుకున్నానో చూద్దామని. మొదటి చరణం దాకా చూసి ఆపేశాను. మళ్ళీ మొదట్నించి చూసి మళ్ళీ అక్కడే ఆపాను. తీగలు బాగున్నాయి. పళ్ళు వాడివైతే తీగలేం చేస్తాయి పాపం.

ఫిబ్రవరి 10

గురువారం రీహామ్ అక్క పెళ్ళి. ఫత్హీ పెదనాన్న కూతురు. రంజాన్ వచ్చేలోపు చేసెయ్యాలని తొందరపడ్డారు. పెళ్ళికొడుకు వలీద్‌ది ఓడలు తిరిగే కాలువ అవతల, పోర్ట్ ఫౌద్. హాలు కూడా అక్కడే. నానమ్మ తన పాత వంకాయరంగు గౌను తీసి, "నా పెళ్ళినాటి నడుమే ఇంకా" అంది. గౌను ఒప్పుకోలేదు. పక్కలు విప్పి కుడుతున్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలి. నానమ్మ ఇంకా గురక పెడుతోంది. అమ్మ రెండుసార్లు పిలిచింది, చదువుకుంటున్నానని చెప్పాను.

నిన్న సాయంత్రం అందరూ ముందు పడవలో వెళ్ళిపోయారు. అమ్మ, చుట్టాలు, డప్పులవాళ్ళు, కేకు, అన్నీ. మేము మాత్రం ఆగిపోయాం. పార్లర్లో రీహామ్ అక్కకి కనురెప్ప వెంట్రుకలు అంటిస్తే ఎడం కన్ను ఆశ్చర్యపోయినట్టూ కుడికన్ను నిద్రపోతున్నట్టూ వచ్చాయి. అవి పీకి మళ్ళీ అంటించేసరికి చీకటి పడింది. కారు పెదనాన్నది. ముందు సీట్లో నానమ్మ. వెనకంతా రీహామ్ అక్క గౌనే, పొంగిన పాలలాగా. ఆ పాలలో ఎక్కడో నేను. నాన్నకి రేవులో డ్యూటీ, ఓడల తాళ్ళు కట్టడం. అది అయ్యాక నేరుగా హాలుకి వస్తానన్నారు.

కారు పడవెక్కింది. పది నిమిషాల దారి. గాలికోసం అద్దం దించి చూస్తే కమ్మీకి ఆనుకుని నీలం స్వెట్టర్.

పళ్ళవాడు.

చంకలో సిమ్సిమియ్యా ఉంది. దానికి సంచి లేదు. పాత స్కూలు పంట్లాం కాలొకటి కత్తిరించి, కింద తాడు కట్టి, అందులో దూర్చాడు. పైనించి రెండు కొయ్య చేతులు బయటికొచ్చి, ఎవరో తలకిందులుగా పంట్లాంలో ఇరుక్కుపోయి సాయం అడుగుతున్నట్టుంది. నేను అద్దం ఎత్తేశాను.

కాలువ మధ్యకి వచ్చామో లేదో మంచు దిగింది. దిగడం కాదు, ఎవరో దుప్పటి కప్పినట్టే. ముందు అవతలి గట్టు దీపాలు పోయాయి, తర్వాత మన గట్టువి, తర్వాత పడవ ముందుభాగం. ఇంజన్ ఆగింది. మైకులో కెప్టెన్ గొంతు: "మంచు విడిచేదాకా కదలం. పెద్ద ఓడలున్నాయి. ఓపిక పట్టండి." ఆ వెంటనే హారన్. కారు సీటు కూడా వణికింది.

పెదనాన్న కిందికి దిగి కెప్టెన్ గది వైపు చూస్తూ, "పెళ్ళికూతురుందయ్యా కార్లో" అని అరిచాడు.

పైనించి జవాబొచ్చింది. "మంచుకి చెప్పండి సార్. నేను ఒప్పుకుంటాను."

రీహామ్ అక్క ఫోన్ మోగింది. వలీద్. హాలు పదకొండింటిదాకానే ఇచ్చారట, అత్తగారు మండిపడుతోందట. అక్క ఫోన్ పెట్టేసి, "ఇది అపశకునం. నాన్నా, వెనక్కి తిప్పు" అంది.

"పడవలో ఉన్నాం తల్లీ, ఎక్కడికి తిప్పను?"

"నాకు పెళ్ళొద్దు" అని ఏడుపు మొదలుపెట్టింది. నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. నిజంగానే భయపడింది. రెండేళ్ళు వలీద్ కోసం పెదనాన్నతో పోట్లాడిన మనిషి, ఇప్పుడు నా చెయ్యి వదలడం లేదు. "పది నిమిషాల నీళ్ళే దాటనివ్వడం లేదు చూడవే. ముందు ముందు ఎలా ఉంటుందో" అంది. గౌను అంచు సర్దాను.

నానమ్మ అద్దం దించి తల బయటపెట్టింది. "ఏయ్, పంట్లాం కాలు అబ్బాయ్. ఇటు రా."

నేను పాలలోకి జారిపోయాను. లాభం లేకపోయింది. వాడు వచ్చి అద్దం దగ్గర వంగాడు.

"నువ్వు మా గ్యాసు సిలిండర్ మోసిన పిల్లాడివి కదూ?"

"అవును హాజ్జా."

నేను లేచి కూర్చున్నాను. నానమ్మ నావైపు తిరిగింది. "మనింటికి రెండుసార్లొచ్చాడే. నువ్వు ట్యూషన్లో ఉన్నావు. మొదటిసారి సిలిండర్ నాలుగంతస్తులు ఎక్కించాను, రెండోసారి బియ్యం బస్తా. కూలి ఇస్తే వద్దన్నాడు. ఈ కాలంలో అలాంటి పనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు."

"ఎందుకొచ్చాడో అడగలేదా నానమ్మా?"

"అడుగుదామంటే వాడికి ఊపిరి ఆడితేగా. పేరేంటి బాబూ?"

"అనస్."

సరే, పేరు బయటికొచ్చేసింది. ఇక రాయొచ్చు.

నేను కారు దిగాను. రీహామ్ అక్కకి నీళ్ళు తేవడానికి. నీళ్ళ సీసా కార్లోనే ఉందని తర్వాత చూశాను. అనస్ నాతోపాటు కమ్మీ దాకా వచ్చి నిలబడ్డాడు. మంచులో వాడి చెవులు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి.

"క్షమించమని అడగడానికే వచ్చాను" అన్నాడు. "రెండుసార్లూ."

"ఎందుకు నవ్వావు?"

"నవ్వొచ్చింది."

"అంతేనా?"

"అంతే. మీ ఇంటికొచ్చేటప్పుడు దారిలో రెండు అబద్ధాలు తయారుచేసుకున్నాను. ఒకటి, దగ్గు వచ్చిందని. ఇంకోటి, మా చెల్లి ఏదో సైగ చేసిందని. మూడో అంతస్తులో సిలిండర్ కింద రెండూ మర్చిపోయాను."

నాకు నవ్వు వచ్చింది. దగ్గులా మార్చాను.

"నవ్వడం సంగతి సరే" అన్నాడు తీగల వైపు చూస్తూ. "నేను చెయ్యాల్సింది వాయిస్తూ ఉండడం. వాయిస్తూ ఉంటే నువ్వు మళ్ళీ అందుకునేదానివి. రిహార్సల్లో రెండుసార్లు అలాగే అందుకున్నావు. నేను చేతులు ముడుచుకుని నిన్నక్కడ ఒంటరిగా వదిలేశాను. అది తలుచుకుంటేనే నాకు..." అని ఆపేశాడు.

ఈ రెండు నెలల్లో నాకు ఎంతోమంది ఓదార్పు చెప్పారు. అసలు సంగతి ఏమిటో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నాక్కూడా తెలియదు. నేను పళ్ళ మీదే కోపం పెట్టుకున్నాను.

హారన్ మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండి" అని నానమ్మ కారులోంచి కేకేసింది. "ఇక్కడ పెళ్ళికూతురి కాటుక మెడదాకా వచ్చింది. ఒరే అబ్బాయ్, దాన్ని పంట్లాంలోంచి బయటికి తియ్యి."

అనస్ కారు బానెట్ మీద కూర్చుని మొదలుపెట్టాడు. పెదనాన్న ఏదో అనబోయాడుగానీ బానెట్ వెచ్చగా ఉందని తనూ పక్కనే కూర్చున్నాడు. నానమ్మ పాడింది. ఒక వరుస పాడి రెండోది మర్చిపోయి, మొదటిదే నాలుగుసార్లు పాడింది. చేపల తొట్లతో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు దగ్గరికొచ్చారు. సైకిల్ మీద రొట్టెల తట్ట పెట్టుకున్నతను వచ్చాడు. చప్పట్లు మొదలయ్యాయి.

"నువ్వు పాడవే" అంది నానమ్మ.

"నాన్న వద్దన్నారు."

"వాణ్ణి కన్నది నేను."

నేను బానెట్ దగ్గరికి జరిగాను.

అనస్ చిన్నగా అడిగాడు. "శ్రుతి ఒక మెట్టు దించనా?"

"అక్కర్లేదు."

"ఆరోజు అంత పైన పెట్టడం..."

"అక్కర్లేదన్నానుగా."

ఎందుకన్నానో తెలియదు. రీహామ్ అక్క అద్దంలోంచి చూస్తోంది. ఆమె కోసమే అనుకున్నాను. ఆరోజు పాటే. మొదటి చరణం ఎలా వచ్చిందో గుర్తు లేదు. పల్లవి దగ్గర చేపలవాళ్ళు అందుకున్నారు:

ఓ తెరచాపా, తొందరెందుకే
ఒడ్డు ఎక్కడికీ పోదులే

రెండో చరణం. పై స్వరం వస్తోందని తెలుస్తూనే ఉంది, మెట్లెక్కుతుంటే చివరి మెట్టు తెలిసినట్టు. అనస్ నా వైపు చూడకుండా తీగలవైపే చూస్తున్నాడు. చెయ్యి మాత్రం ఆపలేదు. నేను కళ్ళు మూసుకుని ఎక్కాను.

సరిగ్గా అప్పుడే హారన్.

అది ఆగేసరికి నేను ఆ స్వరం దాటి కిందికొచ్చేశాను. తీగలు నాతోనే ఉన్నాయి. చేపలవాళ్ళు నాలుకలు ఆడించి పెళ్ళికూతలు పెడుతున్నారు, రొట్టెలతను ఈల వేశాడు. ఎవరికీ ఏమీ వినబడలేదు.

అనస్ వంగి అడిగాడు. "వచ్చిందా?"

"నీకు వినబడలేదా?"

"హారన్ వినబడింది."

"అయితే అంతే."

వచ్చిందో లేదో నాకు తెలుసు. ఇక్కడ కూడా రాయను.

పల్లవి మళ్ళీ పాడి ఆపాం. అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. మంచులోంచి, ఎటువైపు నించో తెలియకుండా, అదే పల్లవి తిరిగొచ్చింది. మగవాళ్ళ గొంతులు. పోర్ట్ ఫౌద్ గట్టు మీద వలీద్, వాడి స్నేహితులు. అందరిలోకీ ఒక గొంతు మరీ ఘోరంగా, శ్రుతితో ఏ సంబంధం లేకుండా వినిపిస్తోంది.

రీహామ్ అక్క ఏడుపు ఆపేసింది. "అది వలీద్" అంది. "ఇంత అన్యాయంగా పాడేవాడు మావాడొక్కడే."

తలుపు తీసి దిగింది. గౌనంతా రెండు చేతులతో ఎత్తుకుని పడవ ముందుకి నడిచింది. ఏమీ కనబడని తెల్లదనంలోకి చూస్తూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "ఒరే, నువ్వు నోరు మూసుకుని మిగతావాళ్ళని పాడనివ్వు" అని అరిచింది. అటునించి నవ్వులు. మళ్ళీ పల్లవి, ఈసారి ఇంకా ఘోరంగా.

ఆ తర్వాత ఇటునించి ఒకటి, అటునించి ఒకటి. రొట్టెలతను తట్టలో రొట్టెలు పంచేశాడు, చల్లారిపోతే ఎవరు కొంటారని. కెప్టెన్ మైకు ఆపడం మర్చిపోయి తనూ పాడాడు. పడవలోకెల్లా మంచి గొంతు ఆయనదే, నాది కాదు. ఒప్పుకుంటున్నాను.

మంచు విడిచేసరికి గట్టు మేము అనుకున్నదానికంటే ఎంతో దగ్గర్లో ఉంది. వలీద్ సూటు తడిసి, జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. పడవ ఆనకముందే దూకబోతే స్నేహితులు చొక్కా పట్టుకుని ఆపారు.

హాలులో స్పీకర్ల మోతకి నా పక్కటెముకలు కదిలాయి. "మా వాద్యగాడు" అని చెప్పి నానమ్మ అనస్‌ని కూడా లోపలికి లాక్కొచ్చింది. కొంచెంసేపటికి ఆ మోత భరించలేక ముగ్గురం బయట మెట్ల మీద కూర్చున్నాం. చిలగడదుంపలు కాల్చే బండి ఉంది. నానమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుని దుంప తిని, చేతులు తుడుచుకుని, లేచి చివరి మెట్టు మీదికి మారింది.

"ఏంటి నానమ్మా?"

"అక్కడ గాలి. ఈ రాత్రి నాకు చెవులు సరిగా పనిచెయ్యడం లేదు."

గోడ అవతలి గుసగుస కూడా వినే మనిషి.

ఏం మాట్లాడుకున్నామంటే, సగం తీగల గురించే. వాటిలో ఒకటి సైకిల్ బ్రేకు వైరులోంచి తీసిన పోగట. తెగితే సైకిలూ పోతుంది, పాటా పోతుంది అన్నాడు. వాళ్ళ నాన్న వలలు కుడతాడట, ఈ సిమ్సిమియ్యా తాతదట. మిగతా సగం రాయను. గొప్ప విషయాలేం కావు. దుంప తొక్క పెదవికి అంటుకుందని చెప్పాడు. నేను తుడుచుకున్నాను. అటువైపు కాదన్నాడు. ఇలాంటివే.

నాన్న బాగా ఆలస్యంగా వచ్చారు, తడి కోటుతో. నిలబడే కేకు తిన్నారు. మెట్ల మీద ఉన్న పంట్లాం కాలు చూశారు. దాని పక్కన కూర్చున్నవాణ్ణి చూశారు.

తిరుగు పడవ కదిలినప్పుడు అనస్ గట్టు మీదే ఉండిపోయాడు, వాళ్ళిల్లు అటే కాబట్టి. చెయ్యి ఊపుదామనుకున్నట్టున్నాడు, చేతిలో సిమ్సిమియ్యా ఉండడంతో పంట్లాం కాలు ఊపాడు.

నేను చూశాను.

ఫిబ్రవరి 14

రీహామ్ అక్క కొత్తింటినించి ఫోన్ చేసింది. బాగానే ఉందట. వలీద్ స్నానం చేస్తూ పాడుతున్నాడు, తలుపు మూసినా లాభం లేదంది.

అనస్ నంబరు నానమ్మ ఫోన్లో ఉంది. సిలిండర్ అవసరానికని తీసుకుందట. నా ఫోన్లోకి కూడా ఎక్కించింది. "నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే?" అంది.

ఫిబ్రవరి 16

సిలిండర్ నిండుగానే ఉంది. నేను చూడలేదు, కాలు తగిలింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రంజాన్ మొదటి శుక్రవారం. ఉపవాసం విడిచాక నాన్న టీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్ళి నన్ను పిలిచారు. చదువు గురించే అనుకుని రసాయనశాస్త్రం పుస్తకం పట్టుకెళ్ళాను.

"పెళ్ళి రాత్రి నేను తాళ్ళ పడవలో ఉన్నాను" అన్నారు. "మంచులో ఓడ ఆగిపోయింది. మేమూ ఆగిపోయాం."

"ఊఁ."

"మంచులో నీళ్ళ మీద గొంతు ఎంత దూరం పోతుందో నీకు తెలియదు."

నేను పుస్తకం తెరిచాను. తలకిందులుగా.

"మాతో ఉన్న ముసలి రబీయీ అన్నాడు, ఎవరి పిల్లో బాగా పాడుతోందని. నా పిల్లేనని చెప్పలేదు. చెబితే పరీక్షలకి చదవడం లేదా అంటాడు."

నేను అడగాల్సింది ఒక్కటే. "మధ్యలో హారన్ మోగింది కదా నాన్నా."

"మోగింది. మీరు హారన్ కింద ఉన్నారు. మేము దూరంగా ఉన్నాం." టీ తాగారు. గ్లాసు అడుగున పుదీనా ఆకుల్ని చూశారు. "పండగయ్యాక శుక్రవారాలు మా రేవువాళ్ళ పాటల కూడికకి వస్తావా నాతో? వారానికి ఒక్క సాయంత్రం. మిగతా రోజులు రసాయనశాస్త్రం."

అంటే ఇక 'నాన్న వద్దన్నారు' అనడానికి లేదు. అబీర్ మిస్‌కి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఏడుస్తాననుకున్నాను. ఆకలేసింది. లోపలికెళ్ళి అమ్మ దాచిన కతాయెఫ్ మిఠాయిలు మూడు తిని, తిరిగొచ్చి "వస్తాను" అన్నాను.

"సరే. ఆ తీగలబ్బాయి ఎవరు?"

"అనస్."

"బాగా వాయిస్తున్నాడు. కాస్త తొందరపడుతున్నాడు. చెప్పు అతనికి."

చెప్పమన్నది నాన్నే కాబట్టి చెప్పాలి. మెసేజ్ పెట్టాను: "మంచులో నాన్న మన పాట విన్నారట. నువ్వు కాస్త తొందరపడుతున్నావని చెప్పమన్నారు."

వెంటనే జవాబొచ్చింది: "ఏ విషయంలో?"

ఫోన్ బోర్లించి పెట్టి గిన్నెలు తోమాను. అమ్మ తోమినవి కూడా మళ్ళీ తోమాను. నానమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమైందే?" అంది. ఏమీ లేదన్నాను. "అయితే సబ్బు దండగ చెయ్యకు" అని వెళ్ళిపోయింది.

చేతులు తుడుచుకుని రాశాను: "పాటలోనే."

పంపాక చూసుకున్నాను. పాటలో అని రాయబోయాను. ఆ చివరి 'నే' ఎలా వచ్చిందో తెలియదు. చేతులు తడిగా ఉన్నాయి. వేలు జారి ఉంటుంది.